ఆమె ఎడమ చేతి కింద

సెప్టెంబరు మొదట్లో ఒక బుధవారం, పదకొండు గంటల బస్సులో తోరా హెడ్మాన్ మా ఊరికి వచ్చింది. నేను గొర్రెల దొడ్డి గోడకు పడిపోయిన రాళ్ళు తిరిగి పేరుస్తున్నాను. బూడిదరంగు కోటు, చేతిలో తోలు సంచి, పూర్తిగా పండిన జుట్టు. రోడ్డు దిగి మా వైపే నడిచి వస్తుంటే ఎవరో బైబిళ్ళు అమ్ముకునే ఆవిడ అనుకున్నాను. దగ్గరికి వచ్చి ఆగి, తల కొంచెం పక్కకు వంచి చూసింది. ఆ చూపు చూడగానే నా చేతిలో రాయి జారి బూటు మీద పడింది.

నలభై మూడేళ్ళ కింద కూడా అలాగే చూసేది. మట్టిని చూసినా అంతే, మనిషిని చూసినా అంతే.

"బోట్విడ్ గారే కదూ?" అంది.

తల ఊపాను.

"నేను తోరాని. గుట్ట తవ్వినప్పుడు బొమ్మలు గీసేదాన్ని. గుర్తున్నానా?"

మళ్ళీ తల ఊపాను.

మా ఆవిడ హెల్ఫ్రిడ్ గుమ్మంలోంచి కేకేసింది. "ఎవరయ్యా వచ్చిందీ? ఎండలో నిలబెట్టే మాట్లాడతావా? అయినా నువ్వు మాట్లాడ్డం కూడానా! లోపలికి రండమ్మా, ఆయన నోట్లోంచి మాట రావాలంటే పొద్దుగూకుతుంది."

తోరా నవ్వి లోపలికి నడిచింది. నేను చేతులు కడుక్కునే వంకతో పంపు దగ్గర చాలాసేపు ఉండిపోయాను. ఎందుకు వచ్చిందో నాకు తెలుసనుకున్నాను. ఎప్పటికైనా వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను.

అది 1931 వేసవి. మా ద్వీపంలో ఎక్కడ తవ్వినా పాతకాలపు వాళ్ళ ఎముకలు తగులుతాయి. నేలంతా సున్నపురాయి కాబట్టి ఎముక కరిగిపోదు. సముద్రం అవతలి పెద్ద నేల మీద వెయ్యేళ్ళ నాటి మనిషంటే మట్టిలో ఒక మరక. ఇక్కడైతే పళ్ళతో సహా ఉంటాడు. అందుకే ఆ ఏడు ప్రొఫెసర్ ఎక్‌మార్క్ గారు మా ఊరి మేతబీడులో పాతకాలపు సమాధి మీద పేర్చిన రాళ్ళ గుట్ట విప్పడానికి వచ్చారు. ఊళ్ళోంచి ఆరుగురం కూలికి కుదిరాం. పనిలో ఒకటే కట్టడి. కొత్తది ఏది తగిలినా పార పక్కన పెట్టి పిలవాలి. చేత్తో ముట్టకూడదు. కెట్టిల్ అనే అతను ఒక కుండ పెంకు ఎత్తి ప్యాంటుకేసి తుడిచి చూశాడని ఆ సాయంత్రానికే పని మానిపించారు.

రెండు వారాలు రాళ్ళు మోస్తే లోపల ఒక స్త్రీ కనిపించింది. వెల్లకిలా పడుకుని ఉంది. రెండు భుజాల మీద ఎలుగుబంటి తల ఆకారంలో చేసిన కంచు పిన్నులు, మెడ దగ్గర గాజు పూసలు, నడుం దగ్గర తాళంచెవులు. కుడి చెయ్యి పొట్ట మీద ఉంది. ఎడమ చెయ్యి కొంచెం ఎడంగా వంగి, పక్కన ఎవరికో చోటు వదిలినట్టు ఉంది.

తోరాకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ప్రొఫెసర్ గారి దగ్గర చదువుకుంటోంది. మంగళవారం అంతా ఆ గోతిలో బోర్లా పడుకుని కుంచెతో దులిపి, ఎముక ఎముకా కొలిచి కాగితం మీద గీసింది. ఆవిడ గీస్తుంటే మేం పని ఆపి చూసేవాళ్ళం. చిన్న రాయి కూడా వదిలేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి పక్క పొలం ఇంటికి వెళ్ళారు. నేను ఉండిపోయాను. గుట్టకి దక్షిణంగా పది అడుగుల దూరంలో గడ్డి చెక్కి చదును చేయమన్నారు, తవ్విన మట్టి పోసుకోవడానికి. అక్కడ ఏమీ లేదని ప్రొఫెసర్ గారే చెప్పారు. త్వరగా ముగించి, తర్వాత తిందామనుకున్నాను.

పార ఒక నాపరాయికి తగిలింది. మామూలు రాయే అనుకుని కాలితో నొక్కి తోశాను. రాయి పగిలి పార లోపలికి దిగింది. పైకి లాగితే దాని అంచున గుడ్డు పెంకంత పల్చటి ఎముక ఉంది.

మోకాళ్ళ మీద కూర్చుని పలక తీసి చూశాను. పుట్టి ఎన్నాళ్ళో కాని బిడ్డ. పుర్రె మీద నా పార గాటు.

అప్పుడు పిలవాలి. నేను పిలవలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు హెల్ఫ్రిడ్‌కి ఆడపిల్ల పుట్టి, ఏడవకుండానే పోయింది. బాప్తిస్మం కాలేదు కాబట్టి చర్చి గోడ వారన ఉత్తరం వైపు చోటిస్తానన్నారు పాస్టరు గారు. ప్రార్థన ఉండదన్నారు. మా వైపు అలాంటి బిడ్డను ఒంటరిగా పెట్టరు. ఆ వారంలో ఊళ్ళో ఎవరైనా పెద్దావిడ పోతే, గోతులు తవ్వే అతన్ని బతిమాలుకుని ఆవిడ శవపేటికలో చేతి పక్కన పెట్టిస్తారు. పెద్ద మనిషి తోడుగా బిడ్డ కూడా పవిత్రమైన నేలలోకి వెళ్తుంది. పేటిక ఎవరిదో తల్లికి చెప్పకూడదు. చచ్చిపోయినావిడ తాలూకు వాళ్ళకి అసలే తెలియకూడదు. మా పిల్లను నేనే నా కోటులో చుట్టుకుని తీసుకెళ్ళాను. హెల్ఫ్రిడ్ జ్వరంతో మంచం మీద ఉంది. వచ్చాక, "మంచావిడ పక్కన పెట్టాను" అన్నాను. అంతకన్నా ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం నా ముందున్న బిడ్డ ఒంటరిగా ఉంది. పది అడుగుల అవతల ఒకావిడ చెయ్యి ఎడంగా పెట్టుకుని పడుకుని ఉంది.

ఎముకలన్నీ నా టోపీలోకి తీశాను. గోతిలోకి దిగి ఆమె ఎడమ చేతి కింద ఒక్కొక్కటే పెట్టాను. తల పైకి, కాళ్ళు కిందికి, తెలిసినంతలో సరిగానే పెట్టాను. పైన రెండు గుప్పిళ్ళ మట్టి చల్లి అరచేత్తో అద్దాను. తర్వాత నాపరాళ్ళు పీకి పక్కనున్న బీడు గోడ రాళ్ళలో కలిపేశాను. ఆ గుంట మట్టితో పూడ్చేశాను.

అది జాలితో చేశానని నలభై మూడేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కెట్టిల్ లాగే నన్నూ మానిపిస్తారని భయం కూడా ఉంది. రెండింటిలో ఏది ముందు వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

భోజనం నుంచి వచ్చాక ప్రొఫెసర్ గారు ఎడమ చేతి దగ్గర కుంచె పెట్టారు. కాసేపటికి కుంచె వదిలేసి, టోపీ తీసేసి గోతిలోనే కూర్చుండిపోయారు. ఆయన కళ్ళు తడిశాయి.

"తల్లి," అన్నారు. "తల్లీ బిడ్డా. వెయ్యేళ్ళ కింద కూడా బిడ్డను తల్లి చేతిలోనే పెట్టారు, చూశారా!"

తోరా ఒక్కతే సంబరపడలేదు. తన కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నిన్న ఇక్కడ ఏమీ లేదండీ. చేతి కింద గట్టి మట్టి వరకూ దులిపాను. చూడండి, ఖాళీగా గీశాను."

"సరిగ్గా దులపలేదన్నమాట."

"దులిపాను. పైగా పుర్రె మీద ఆ గాటు అంచు చూడండి, తెల్లగా ఉంది. పాత గాటైతే మట్టి రంగు పట్టి ఉండాలి కదా. ఇవాళ ఎవరో విరగ్గొట్టారు. పనివాళ్ళని అడగండి."

ఆవిడ నా వైపు చూసింది. తల పక్కకు వంచి. "బోట్విడ్ గారూ, భోజనం టైముకి మీరు ఇక్కడే ఉన్నారు కదా. ఎవరైనా గోతిలోకి దిగారా?"

అందరూ నా వైపు తిరిగారు.

"నేను చూళ్ళేదండీ," అన్నాను.

ప్రొఫెసర్ గారికి కోపం ముంచుకొచ్చింది. "నీ నిర్లక్ష్యం కప్పిపుచ్చుకోవడానికి ఒక కూలివాడి మీద బురద చల్లుతావా? ఎదురుగా ఉన్నది చూడలేని కళ్ళు నీకెందుకమ్మా ఈ పనికి?"

ఆ శుక్రవారం ఓడలో ఆవిడను పంపేశారు. సంచి మోసుకుంటూ రోడ్డు మీద నడిచి వెళ్ళడం గుట్ట మీంచి చూశాను. పిలవడానికి అప్పుడైనా సమయం ఉంది. అప్పుడూ పిలవలేదు.

బిడ్డతో ఉన్న ఆవిడ బొమ్మ పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ తల్లీ బిడ్డల్ని ఉన్నదున్నట్టు మట్టితో సహా తీసుకెళ్ళి పట్నంలో మ్యూజియంలో గాజు పెట్టెలో పెట్టారు. హెల్ఫ్రిడ్ ప్రతి ఏడూ మే నెలలో బస్సెక్కి వెళ్ళి దాని ముందు నిలబడి వస్తుంది. మే నెలలోనే మా పిల్ల పోయింది. మొదటిసారి తోడు వెళ్ళాను. గాజు మీద చెయ్యి ఆనించి, "చూడయ్యా, వాళ్ళు కూడా మనలాగే చేశారు," అంది. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మళ్ళీ ఎప్పుడూ తోడు వెళ్ళలేదు.

ఇప్పుడు తోరా మా వంటింట్లో కూర్చుని ఉంది. హెల్ఫ్రిడ్ కాఫీ పోసి, ఊరబెట్టిన చేప పక్కకు జరిపి, కుంకుమపువ్వు వేసిన పాయసపు రొట్టె కోసి పెట్టింది.

"తినండమ్మా. ఈయన పక్కన కూర్చుంటే ఆకలి తెలీదు, గోడతో కూర్చున్నట్టే ఉంటుంది."

"అప్పుడు కూడా ఇంతే," అంది తోరా. "ఆరుగురిలో పాటలు పాడనిది ఈయనొక్కరే."

"పెళ్ళిలో పాస్టరు గారు అడిగితే 'ఊఁ' అన్నాడు. 'అవును' అని చెప్పవయ్యా అంటే అప్పుడు చెప్పాడు. నాతో పెళ్ళి ఇష్టం లేదేమో అని మా అమ్మ ఏడ్చింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. తోరా తను బతికిన తీరు చెప్పింది. పెద్ద నేల మీద ఒక ఆడపిల్లల బళ్ళో ముప్పై ఆరేళ్ళు డ్రాయింగు నేర్పింది. పెళ్ళి చేసుకోలేదు. మళ్ళీ ఎవరూ తవ్వకానికి పిలవలేదు. ఇప్పుడు ఉద్యోగం అయిపోయింది, ఉత్తరాన చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. వెళ్ళే ముందు ఒక పని మిగిలిందట.

కప్పు కింద పెట్టి నా వైపు తిరిగింది.

"బోట్విడ్ గారూ, మీకు క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు మిమ్మల్ని అనుమానించాను. అందరి ముందూ మిమ్మల్నే అడిగాను. మీ పని పోయేది. చాలా ఏళ్ళు మిమ్మల్నే తిట్టుకున్నాను కూడా, మీరే ఏదో చేసి ఉంటారని. తర్వాత తర్వాత, పిల్లలకి బొమ్మలు నేర్పుతుంటే తెలిసింది. ఎదురుగా కుండ పెడితే దాన్ని చూడరు, తాము అనుకున్న కుండ గీస్తారు. నేనూ అంతే చేసి ఉంటాను. సరిగ్గా దులపకుండానే దులిపాననుకున్నాను. తప్పు నాది. చత్వారం రాకముందే రెండుసార్లు కళ్ళద్దాలు మార్చుకున్నా, తెలుసా? నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది." చెయ్యి చాచింది. "ఒక నిజాయితీపరుడి మీద నింద వేశాను. క్షమించానని ఒక్క మాట అనండి."

హెల్ఫ్రిడ్ ఏప్రను అంచుతో కళ్ళు తుడుచుకుంది. "అయ్యో తల్లీ, దీనికోసం ఇంత దూరం వచ్చారా! ఈయనకి కోపం పెట్టుకోవడం కూడా చేతకాదమ్మా, దానికీ మాటలు కావాలిగా. చెప్పవయ్యా!"

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. తల ఊపాను.

ఆ తల ఊపడం కన్నా నీచమైన పని నా జన్మలో చెయ్యలేదు. మట్టిలో చేసింది భయంతో చేశాను. ఇది భయంతో కూడా కాదు. అంత సులువుగా దొరికింది కాబట్టి తీసుకున్నాను.

రెండు గంటల బస్సుకని ఆవిడ లేచింది. హెల్ఫ్రిడ్ రొట్టె ముక్క కాగితంలో చుట్టి సంచిలో పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి చెయ్యి ఊపి తిరిగి వచ్చి, గిన్నెలు తీస్తూ అంది, "పాపం, ఒక మంచి మనిషిని అనుమానించానని ఇన్నేళ్ళు ఎంత బాధపడిందో."

ఆ మాటతో కూర్చోలేకపోయాను. టోపీ కూడా పెట్టుకోలేదు. వెనక నుంచి ఆమె ఏదో అడుగుతోంది, వినిపించుకోలేదు. మోకాలు నొప్పితో పరుగు రాదు. రోడ్డు దగ్గర పాలక్యాన్లు పెట్టే చెక్క అరుగు మీద తోరా కూర్చుని ఉంది.

"ఏమైనా మర్చిపోయానా?" అంది.

"నేనే పెట్టాను," అన్నాను.

"ఏంటి?"

"బిడ్డని. నేనే పెట్టాను. అమ్మాయిగారూ, మీరు గీసిందే సరైంది. అక్కడ ఏమీ లేదు."

బస్సు వచ్చింది. డ్రైవరు తలుపు తీసి చూశాడు. ఆవిడ కదల్లేదు. తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు.

కళ్ళద్దాలు తీసి కోటు అంచుతో తుడిచింది. పెట్టుకోలేదు. చేతిలోనే పట్టుకుని అవతలి పొలంలో చక్కెర దుంపల ఆకుల వైపు చూస్తూ ఉంది.

"అంటే నా కళ్ళు బానే ఉన్నాయన్నమాట," అంది.

"బానే ఉన్నాయి."

"నలభై మూడేళ్ళు." గొంతు పెరిగింది. "గంట కూడా కాలేదు, నీ చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. తల ఊపావు. తల ఊపావు నువ్వు!"

"అవును."

"లాగి కొట్టాలనుంది."

"కొట్టండి."

"నోరు ముయ్యి. ఇన్నాళ్ళూ మూసుకున్నావుగా, ఇప్పుడెందుకు తెరిచావు? నేను హాయిగా ఉత్తరానికి పోయేదాన్ని. నాదే తప్పని నమ్మి ఊరుకున్నదాన్ని. ఊరుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో తెలుసా నీకు?"

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. లేచి నిలబడింది. గొంతు మారింది.

"ఎక్కడ దొరికింది? చూపించు."

గుట్ట దగ్గరికి అర మైలు. నడిచాం. పార తగలడం, బిడ్డ ఒంటరిగా ఉందని జాలిపడడం దారిలో చెప్పాను. గుట్ట రాళ్ళు మళ్ళీ పేర్చి, బోర్డు పెట్టి, దక్షిణం వైపు కార్లు ఆపుకోవడానికి కంకర పరిచారు. అక్కడ జర్మన్ల కుటుంబం ఒకటి మడత కుర్చీలు వేసుకుని సాసేజిలు తింటోంది.

గుట్ట అంచు నుంచి పది అడుగులు వేశాను. ఆ పదో అడుగు సరిగ్గా వాళ్ళ కుర్చీ దగ్గరికి వచ్చింది. తోరా వాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. లావుపాటాయన నోట్లో సాసేజి పెట్టుకునే లేచి కుర్చీ జరిపాడు.

ఆవిడ కంకర మీద మోకాళ్ళ మీద కూర్చుని సంచిలోంచి కాగితం, పెన్సిలు తీసింది.

"తల ఎటు?"

"పడమటికి."

"కాళ్ళు?"

"ముడుచుకుని ఉన్నాయి."

"రాళ్ళు ఎన్ని?"

"పైన ఒక పలక. పక్కల నాలుగు, నిలువుగా పాతి."

"గట్టిగా అతికించి పెట్టారా, ఊరికే ఆనించారా?"

"అతికినట్టే ఉన్నాయి. పీకడానికి గునపం కావాల్సి వచ్చింది."

"వస్తువులు?"

"ఏమీ లేవు."

"కింద?"

"ఇసుక."

పెన్సిలు ఆగింది. "ఎలాంటి ఇసుక?"

"తెల్లది. మెత్తగా ఉంది. ఒడ్డున ఉండే ఇసుక."

"ఇక్కడి నుంచి ఒడ్డు ఎంత దూరం?"

"నడిస్తే గంటన్నర."

ఆవిడ తల ఎత్తి నా వైపు చూసింది. ఈసారి తల పక్కకు వంచలేదు.

"గంటన్నర నడిచి వెళ్ళి ఇసుక మోసుకొచ్చారు. బిడ్డ కింద పరిచారు. చుట్టూ గాలి దూరకుండా నాలుగు పలకలు అతికించారు. ఒంటరిగా పారేశారని నువ్వు జాలిపడ్డావు కదా. పారెయ్యలేదయ్యా. ఎవరో చాలా కష్టపడి పక్క వేశారు."

నాకు తెలియలేదు. ఇసుకను చూశాను, చేత్తో పట్టుకున్నాను, రెండు పారలెత్తి మట్టి కుప్ప మీద విసిరేశాను. దాని గురించి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

"అలాంటి గొయ్యి ఈ ద్వీపంలో ఇంకోటి ఉందో లేదో నాకు తెలీదు," అంది తోరా, గీస్తూనే. "వెతికేదాన్ని. నన్ను ఉండనిచ్చి ఉంటే."

ఆవిడ గీయడం అయ్యేదాకా నిలబడ్డాను. లేవబోతుంటే చెయ్యి అందించాను. తీసుకోలేదు. కుర్చీ పట్టుకుని లేచింది.

"రేపు పొద్దున బస్సులో మ్యూజియానికి వెళ్తున్నాం. నీ నోటితో నువ్వే చెప్తావు. తల ఊపడాలు కుదరవు."

"చెప్తాను."

"రాసి సంతకం పెట్టాలి."

"పెడతాను." తర్వాత అడిగాను, "బిడ్డని అక్కణ్ణుంచి తీసేస్తారా?"

"తీస్తారు. తియ్యకపోతే నేను ఊరుకోను."

"హెల్ఫ్రిడ్ ప్రతి ఏడూ వెళ్తుంది. మా పిల్లని కూడా అలాగే..." మాట పూర్తి చెయ్యలేకపోయాను.

అర్థమైనట్టుంది. "ఆవిడ చేసిన రొట్టె తిన్నాను నేను," అంది. "ఆవిడకి ముందు నువ్వు చెప్పు. మ్యూజియం వాళ్ళ నోట విననివ్వకు."

ఆవిడ ఊళ్ళో గది తీసుకోవడానికి వెళ్ళింది. నేను ఇంటికి వచ్చాను.

హెల్ఫ్రిడ్ పెరట్లో ప్లమ్ పళ్ళు ఏరుతోంది. "ఎక్కడికి పోయావయ్యా పిచ్చివాడిలా? టోపీ కూడా లేకుండా?"

"కూర్చో," అన్నాను.

"ఎందుకూ?"

"కూర్చో."

నా మొహం చూసి బుట్ట దించి కూర్చుంది. చెప్పాను. పార తగలడం దగ్గర నుంచి ఇసుక దాకా అన్నీ. పెళ్ళైన నలభై ఆరేళ్ళలో నేను అంతసేపు మాట్లాడింది అదే. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చేతిలో ఉన్న పండును బొటనవేలితో నొక్కుతూ ఉంది. రసం మోచేతి దాకా కారింది, తుడుచుకోలేదు.

అయిపోయాక తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది.

"వాళ్ళు మనలాగే చేశారని చెప్పుకుని నలభై ఏళ్ళు తిరిగాను," అంది. "నువ్వు చేసిందానికి దండం పెట్టుకున్నానన్నమాట."

"భయమేసింది."

"ఆ అమ్మాయి బతుకు పోయింది."

"అవును."

"నాకు తెలిసిన మనిషివేనా నువ్వు?"

ఆమె లేచి పంపు దగ్గర చేతులు కడుక్కుంది. నీళ్ళు ఆపేసి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"మన పిల్లని నిజంగా పెట్టావా?"

"ఏంటి?"

"ఎవరో మంచావిడ పక్కన పెట్టానన్నావు. నిజంగా పెట్టావా? లేక గోడ వారన పడేసి వచ్చి, నేను ఏడుస్తానని అలా చెప్పావా?"

"హెల్ఫ్రిడ్! పెట్టాను. నా చేత్తో పెట్టాను."

"ఆ చేత్తోనే కదా."

రాత్రంతా ఇద్దరం పడుకోలేదు. పొద్దున్నే ఆమె కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "బస్సుకి ఇంకా గంటుంది. ఎవరి పేటికో చూపించు."

"చెప్పకూడదని కదా..."

"చూపించు."

చర్చికి నడిచాం. దారిలో చెప్పాను. ఆవిడ పేరు మాలిన్. కొండ కింద ఇంట్లో ఒంటరిగా ఉండే కుట్టుపని ఆవిడ. పెళ్ళి కాలేదు, పిల్లలంటే ప్రాణం. అదే వారం గుండె ఆగి పోయింది. గోతులు తవ్వే అతను పేటిక మూత ఒక పక్క ఎత్తి పట్టుకుంటే, నేను కోటులోంచి పిల్లను తీసి ఆవిడ చేతి పక్కన పెట్టాను. ఆవిడ వేళ్ళ చివర్లు సూదితో గట్టిపడి గరుకుగా ఉన్నాయి. అది కూడా చెప్పాను. హెల్ఫ్రిడ్ వింటూ నడిచింది.

ఆవరణలోకి వెళ్ళి తూర్పు వరసలో ఆగాను. అక్కడ రాయి లేదు. ఏ బంధువూ అడగని సమాధులు పాతికేళ్ళు దాటితే చర్చివాళ్ళు రాళ్ళు తీసేసి నేల చదును చేస్తారు. మాలిన్‌కి అడిగేవాళ్ళు లేరు. ఎప్పుడు తీశారో నాకు తెలియదు. పేరు ఎక్కడా లేదు. గోతులు తవ్వే అతను చచ్చిపోయి ముప్పై ఏళ్ళయింది. కోసిన గడ్డి మాత్రం ఉంది, మంచు పట్టి తడిగా.

"ఇక్కడే," అన్నాను.

"ఇక్కడేనా?"

"ఇక్కడే. ఈ చెట్టుకి, ఆ గోడకి మధ్య. ఒట్టు."

రోడ్డు మీద బస్సు వస్తున్న చప్పుడు వినిపించింది. చర్చి గేటు దగ్గర తోరా సంచి పట్టుకుని మాకోసం నిలబడి ఉంది. హెల్ఫ్రిడ్ గడ్డి వైపు చూడలేదు. నా మొహం వైపే చూస్తూ నిలబడింది.